వైన్స్ షాపులో వైన్ ఉండదు, అదీ మన ఖర్మ

బెజవాడలో ఏ సెంటర్లో చూసినా "వైన్స్" అని బోర్డు ఉంటది కదా, లోపలికెళ్ళి అన్నా వైన్ ఉందా అంటే మాత్రం వాడు మనల్ని కిందకీ పైకీ చూసి ఏ మూల అరలోంచో దుమ్ము పట్టిన సీసా ఒకటి తుడిచి ఇస్తాడు, అది ఆ ఎండలో ఎన్నాళ్ళనుంచి ఉడుకుతోందో దేవుడికే తెలియాలి. ఇంక వైన్ అంటే మనోళ్ళకి ఇష్టం ఎక్కడ పుడతది?

పోయిన మే నెలలో గుంటూరు నుంచి మా బావ వచ్చాడు. ఎవరో గిఫ్ట్ ఇచ్చిన రెడ్ వైన్ అంట, రెండు నెలలు టీవీ పక్కన షోకేసులో పెట్టుకుని మరీ తెచ్చాడు. కార్క్ తీసే సామాను ఇంట్లో లేదు, గరిటె కాడతో లోపలికి తోసేశాం. స్టీలు గ్లాసు నిండా పోసుకుని ఓ చేతిలో మిరపకాయ బజ్జీ, ఒక్క గుక్క తాగాడు, అంతే, "ఇదేంట్రా కషాయంలా ఉంది, దీనికా ఇన్ని డబ్బులు" అన్నాడు. అక్కతో కూడా చెప్పి నవ్వించాడు నన్ను చూపిస్తా.

అసలు బావ తప్పేం లేదు. రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలని ఎవడో చెప్పాడంట, ఆ రూమ్ యూరప్‌లో పాతకాలం చలి కొంపల్లో రూమ్, 16-18 డిగ్రీలుంటది, మే నెలలో మా హాల్లో 38. ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిస్తే ఏం పోయింది?

రెండోది, అది చేదు కాదు బావా, వగరు. ఏటా ఉగాది పచ్చడి తింటా చేదుకీ వగరుకీ తేడా తెలీదంటే ఎలా? రెడ్ వైన్‌ని ద్రాక్ష తొక్కా గింజలతో కలిపే పులియబెడతారు, వాటిలోంచి టానిన్ అనే వగరు పదార్థం దిగుద్ది, నేరేడు పండు తిన్నాక నాలుక పిడచకట్టినట్టు అవుద్దే, అచ్చం అదే. దానికి బజ్జీ కారం తోడైతే నోరు మంటెత్తిపోద్ది, ఆల్కహాల్ ఆ మంటని ఇంకా ఎగదోస్తది. గుంటూరు కారం తినేవాళ్ళకి మొదటి రోజే ముదురు రెడ్ పోయడం పగవాడు చేసే పని.

మర్నాడు నేను నాసిక్ చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ పెట్టా, కొంచెం తీపి తగిలే రకం, మూత తిప్పితే వచ్చేసేది, బాగా చల్లగా చేసి. పక్కన చేపల వేపుడు. రెండు గుటకలు తాగి ఏం మాట్లాడలేదు. మూడో గుటకకి "ఇది వేరే లెక్కరా" అన్నాడు. తర్వాత ఇంకోసారి సావిన్యాన్ బ్లాంక్ అనే ఇంకో వైట్ వైన్ పోస్తే, వాసన చూడు బావా అన్నానో లేదో, జామకాయ అన్నాడు ఠక్కున! నిజంగానే ఉంటది అందులో ఆ వాసన. వైన్ తెలిసినోళ్ళమని చెప్పుకునేవాళ్ళు బ్లాక్‌బెర్రీ, సిగార్ పెట్టె అంటుంటారు, మనలో ఎంతమంది చూశారండీ ఆ సిగార్ పెట్టె మొహం? జామ, దానిమ్మ, పచ్చిమామిడి అని చెప్పండి, కొత్తవాళ్ళు భయపడకుండా ముక్కు పెడతారు.

ఆ, ఒకటి. జ్యూసేగా అని సీసా మొత్తం లాగించకండి. విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం, వైన్‌లో 12-14 నిజమే, కానీ 750 ఎంఎల్ ఒక్కళ్ళే తాగితే దాదాపు నాలుగు లార్జ్‌ల (60 ఎంఎల్ పెగ్గుల) విస్కీ కింద లెక్క. ఐదుగురు పంచుకోవాల్సిన సీసా అది. గుండెకి మంచిదంట కదా అని నాకు చెప్పొద్దు, ఎంత తక్కువైనా సేఫ్ కాదని 2023లో డబ్ల్యూహెచ్ఓ వాళ్ళే చెప్పారు. రుచి కోసం తాగితే తాగండి, మందుబిళ్ళలా కాదు.

మొన్న ఆదివారం బావే ఫోన్ చేసి సీసా తెమ్మన్నాడు, తీసుకెళ్ళా. గాజు గ్లాసులు కూడా కొన్నాడు, చూసి మురిసిపోయా. పోశాక ఫ్రిజ్ తీసి రెండు ఐస్ ముక్కలు వేసుకున్నాడు అందులో. నేనేం అనలా. కరెంట్ పోయి గంటైంది మరి.