నావ్‌లీ గారికి, ఆ 60 ప్రశ్నల సంగతి

మహారాజశ్రీ ఉత్తర అమెరికా పశువైద్య లైసెన్సు పరీక్ష (నావ్‌లీ) గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది కానీ, మీ పుణ్యమా అని ఇటువైపు కుశలం అంతంతమాత్రమే.

నేను కరేబియన్ దీవిలో పశువైద్యం చదివి, చివరి ఏడాది క్లినిక్ పనికి అమెరికా వచ్చాను. మా కాలేజీకి అమెరికా పశువైద్యుల సంఘం (ఏవీఎంఏ) గుర్తింపు ఉంది. కాబట్టి మీ గండం గట్టెక్కి, ఏ రాష్ట్రంలో ప్రాక్టీసు చేస్తానో వాళ్ల షరతులు తీరిస్తే సరి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తంతు. వాళ్లకు వేరే ఉత్తరాలు రాసుకుంటాను.

మీ 360 ప్రశ్నల మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. 60 చొప్పున ఆరు విడతలు, విడతకు 65 నిమిషాలు. అంటే కుక్కకు వాంతులెందుకో తేల్చడానికి నిమిషం, పైన చిల్లర. తల ఎత్తేలోపు లామా, దాని వెనకే కోడి. మీ స్కేలు కూడా 200 దగ్గర మొదలవుతుంది, సున్నా అన్న మాటే లేదు. 800 దాకా పోనక్కర్లేదు, 425 వస్తే చాలు. ధర్మప్రభువులు!

కానీ ఆ 360లో 60కి అసలు మార్కులే ఉండవు కదా. ముందుముందు పేపర్లలో పనికొస్తాయో లేదో మా మీద చూసుకుంటారు. చూసుకోండి, తప్పులేదు, ఉప్పు సరిపోయిందో లేదో ఎవరో ఒకరు నాలిక మీద వేసుకోవాల్సిందే. అవేవో మాత్రం చెప్పరు. రేపు ఆ లామా కోసం నేను ధారపోసే మూడు నిమిషాలు ఖాతాలో పడతాయో, గాలికి పోతాయో నాకు ఎప్పటికీ తెలియదు.

నా సంగతి నయం. నా రూమ్మేట్ అక్క ఇండియాలో పదేళ్లు ఊళ్లమ్మట తిరిగి వైద్యం చేసింది. అడ్డం తిరిగిన దూడను, భుజం దాకా చెయ్యి పెట్టి సరిచేసి బయటికి లాగిన మనిషి. ఇక్కడ క్లినిక్‌లో బోనులు కడుగుతోంది. ఆవిడ కాలేజీకి ఆ గుర్తింపు లేదు మరి. అందుకని ఈసీఎఫ్‌వీజీ దారి పట్టింది, గుర్తింపు లేని విదేశీ కాలేజీల వాళ్లకు పెట్టిన దారి అది. ముందు పట్టా రుజువు, తర్వాత ఇంగ్లీషు పరీక్ష (గేదెతో ఏ భాషలో మాట్లాడేదో ఎవరూ అడగలేదు), ఆపైన పశువైద్య శాస్త్రాల మీద 225 ప్రశ్నల పరీక్ష, బీసీఎస్‌ఈ. ఇక మిగిలింది చేతిపని పరీక్ష. మత్తు, ఆపరేషను, ఎక్స్‌రే, గుర్రం, పోస్ట్‌మార్టం అంటూ ఏడు విభాగాలు. రాత్రి పన్నెండింటికి కుర్చీ చేతికి దారం చుట్టి, సర్జన్ ముడి వేస్తూ విప్పుతూ కూర్చుంటుంది. నిద్రలో లేపినా వేసే ముడి అది.

"ముడి వచ్చులేవే. ఎవరో పక్కన నిలబడి చూస్తుంటే వెయ్యడం రావాలి" అంటుంది.

మొన్న మీ దర్శనమూ చేసుకొచ్చింది. వచ్చినప్పటి నుంచి అన్నం సయించట్లేదు. ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయిందట. ఊళ్లో అయితే ఏం చేసేదో అదే పెట్టి వచ్చింది, పుస్తకంలో మరోలా ఉంది. ప్రశ్నలు బయటపెట్టనని మీకు మాటిచ్చింది కాబట్టి నాకూ పూర్తిగా చెప్పలేదు. ఏదో ఒక జంతువట, ఎటో ఒకవైపు ఏదో అయిందట.

అది ఆ 60లోదేనా అండీ? మీరేమీ చెప్పక్కర్లేదు, ఊరికే తల ఊపండి చాలు.

ఇట్లు,
మీ రాబోయే విడత అభ్యర్థిని