పల్లవికి అందలేదు, మంగళానికి ఉండలేదు

పోయిన నెల ఒక శనివారం అమ్మను తిరుపతి మహతి ఆడిటోరియంలో అన్నమయ్య కీర్తనల కచేరీకి తీసుకెళ్లాను. మేముండేది చంద్రగిరిలో. తిరుపతి పట్టుమని పదిహేను కిలోమీటర్లు ఉండదు. కచేరీ ఆరున్నరకు. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక అమ్మ ఇల్లు కదలడమే తగ్గిపోయింది. ఆరోజు మాత్రం నాలుగింటికే తల దువ్వుకుని, కనకాంబరాలు పెట్టుకుని, బీరువాలోంచి నీలం పట్టుచీర తీసి కట్టుకుంది. ఐదుకల్లా బస్టాపులో ఉన్నాం. ఉచిత టికెట్ కోసం చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని, మూసేసిన షాపు షట్టర్‌కు ఆనుకుని నిలబడింది. కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు.

ఐదున్నర అయింది, ఆరయింది. ‘పాట మొదలయ్యేదానికి ఇంకా టైముందిలే నాయనా’ అని నాకే ధైర్యం చెప్పింది. ఆరు దాటాక రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముందుదాంట్లో కాలు పెట్టే చోటు లేదు. వెనకదాంట్లో సీట్లున్నాయి గానీ, అది ఆగకుండా పక్కనుంచి దాటేసి పోయింది. దారంతా అమ్మ కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది. మేము హాల్లో అడుగుపెట్టేసరికి ఏడుంపావు.

దీన్ని మా ఒక్కరి దురదృష్టం అనుకుంటే రాయాల్సిన పని లేదు. రెండు బస్సులు కలిసి రావడం వెనక ఒక లెక్క ఉంది. గంటకు మూడు బస్సులు ఇరవై నిమిషాలకొకటి చొప్పున వస్తే, ఎప్పుడో ఒకప్పుడు స్టాపుకు వచ్చే మనిషి సగటున పది నిమిషాలు నిలబడాలి. అవే మూడు బస్సులు గుంపుగా గంటకోసారి వస్తే సగటు అరగంట అవుతుంది. బస్సులు అవే, సిబ్బంది వాళ్లే, డీజిల్ ఖర్చూ అంతే. కాగితం మీద మాత్రం రెండు చోట్లా ‘గంటకు మూడు సర్వీసులు’ అనే ఉంటుంది. స్టాపులో నిలబడినవాళ్ల నిరీక్షణ ఏ రికార్డులోకీ ఎక్కదు.

గుంపు ఎలా కడతాయంటే, ముందు బస్సు ఏ సిగ్నల్ దగ్గరో ఐదు నిమిషాలు చిక్కుకుంటుంది. ఆ ఐదు నిమిషాల్లో తర్వాతి స్టాపులో మరో పదిమంది చేరతారు. వాళ్లు ఎక్కి, టికెట్లు కొట్టేసరికి ఇంకో రెండు నిమిషాలు. అలా ఒక్కో స్టాపుకూ అది ఇంకా వెనకబడుతుంది. వెనక వచ్చేదానికి జనమే దొరకరు, కాబట్టి అది ఖాళీగా ఉరుకుతుంది, ముందుదాన్ని పట్టేస్తుంది. ఇందులో డ్రైవర్ తప్పు వెతకడం అన్యాయం. దారి మధ్యలో ఒకచోట వెనక బస్సును నాలుగు నిమిషాలు ఆపి పంపమని చెప్పే మనిషి ఉండాలి. ఆ నాలుగు నిమిషాలకు లోపల కూర్చున్నవాళ్లు విసుక్కుంటారు, నిజమే. కానీ ముందున్న స్టాపుల్లో ఎదురుచూసేవాళ్లకు అది ఎంతో మేలు.

ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15న మొదలైంది. దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అమ్మ చేతిలోకి జీరో టికెట్ వచ్చినప్పుడు ఆమె ముఖంలో కనిపించిన నిబ్బరం చిన్నది కాదు, కొడుకును డబ్బులడగకుండా ఊరెళ్లే స్వేచ్ఛ అది. అయితే జనం పెరిగినప్పుడు ఎక్కడానికి, దిగడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. దానికి తగ్గట్టు బస్సుల సంఖ్య, టైమింగులు మారకపోతే టికెట్‌లో మిగిలిన డబ్బు ఇంకో రూపంలో పోతుంది. ఆ రాత్రి మా విషయంలో జరిగింది అదే.

సమయపాలన తిరుపతికి చేతకాని విద్యేమీ కాదు. కొండ దారినే చూడండి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. ఎక్కే బండ్లకు ఒక దారి, దిగే బండ్లకు ఒక దారి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నిబంధన. అంటే అక్కడ నిమిషాలు లెక్కపెడుతున్నారు. 2022లో ఆ దారిలోకి ఎలక్ట్రిక్ బస్సులు కూడా వచ్చాయి. తిరుమల వెళ్లాలనుకునే మనిషి బస్సు టైము ఎవరినీ అడగడు. స్టాండుకు పోతే బస్సు ఉంటుందని అతనికి తెలుసు. ఆ భరోసాయే అసలైన ప్రజా రవాణా. యాత్రికులకు ఇచ్చిన ఆ భరోసాలో పావు వంతైనా కొండ కింద కాపురముండేవాళ్లకు ఎందుకు దక్కకూడదన్నదే నా ప్రశ్న.

ఇక్కడుండేవాళ్లకూ సాయంత్రాలుంటాయి. ఆఫీసు నుంచి వచ్చి పిల్లలను కపిలతీర్థం తీసుకెళ్లేవాళ్లు, గోవిందరాజస్వామి గుడికెళ్లి అటునుంచి గాంధీ రోడ్డులో నాలుగు వస్తువులు కొనుక్కునేవాళ్లు, తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేసుకుని టిఫిన్ తిని ఇంటికి చేరేవాళ్లు ఉన్నారు. హాస్టళ్ల పిల్లలున్నారు. ఊరి మీదుగా పోయే శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ 2023లో పూర్తిగా అందుబాటులోకి వచ్చాక సొంత బండి ఉన్నవాళ్లకు ఊరు దాటడం చాలా తేలికైంది. బస్సు ఎక్కాల్సిన మనిషి నిలబడేది మాత్రం వంతెన కిందే. బస్సు అతని కోసం కిందికే రావాలి, ఆ ఆటోల మధ్యనుంచే రావాలి.

ఆలస్యం కంటే ఎక్కువ నలిపేది తెలియకపోవడం. బస్సు ఆరింటికి వస్తుందని ముందే తెలిస్తే అమ్మను ఇంట్లోనే కూర్చోబెట్టేవాణ్ని. తెలియదు కాబట్టి గంట ముందు బయల్దేరాం. అలా బయల్దేరి కూడా ఆలస్యమయ్యాం. తిరుగు ప్రయాణంలో ఇది ఇంకా పెద్ద టెన్షన్. చివరి బస్సు ఎన్నింటికని హాలు బయట ముగ్గుర్ని అడిగితే మూడు టైములు చెప్పారు. ఎనిమిదిన్నర అని ఒకరు, తొమ్మిది దాటాక కూడా ఉంటుందని ఇంకొకరు, ఈరోజు రద్దీ కాబట్టి చెప్పలేమని మూడో ఆయన. దాంతో ఎనిమిదీ పదికే అమ్మను లేపాను. ‘మంగళం పాడకముందే లేస్తే బాగుండదు నాయనా’ అంది. ఆమె చిన్నప్పటి నుంచి పాటించిన మర్యాద అది. రెండు వరుసల ముందు కూర్చున్నవాళ్లు అడ్డు తొలగుతుంటే తలొంచుకుని బయటికొచ్చింది. పాట వెనకనుంచి వినపడుతూనే ఉంది.

ముప్పావు గంట చూశాం. షేర్ ఆటోవాళ్లు నిండితే గానీ కదలరు, ఆ వేళప్పుడు నిండేంత జనం లేరు. చివరికి ఒక ఆటో మాట్లాడుకున్నాం. మూడొందలు అడిగి రెండొందల యాభైకి దిగాడు. కచేరీ ఉచితం, అమ్మకు బస్సు ఉచితం, ఆటో ఖర్చు రెండొందల యాభై. ఆ ముప్పావు గంట హాల్లో కూర్చుని ఉంటే మంగళం కూడా వినేవాళ్లం.

కొత్త వంతెనలు, వందల కోట్లు కావాలని నేను అడగడం లేదు. సాయంత్రం ఆరు నుంచి పది వరకు చంద్రగిరి, తిరుచానూరు, రేణిగుంట వైపు వెళ్లే బస్సులకు గుర్తుండే టైములు పెట్టాలి. ప్రతి గంటా పది నిమిషాలకు, ముప్పైకి, యాభైకి అన్నట్టుగా. వాటిని స్టాపులో గోడమీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. చివరి బస్సు టైము దాని కింద విడిగా ఉండాలి. బ్రహ్మోత్సవాలప్పుడు కొండకు అదనపు బస్సులు కావాల్సిందే, కాదనను. వాటి కోసం ఊరి సర్వీసు ఏదైనా రద్దు చేస్తే ఆ మాట పొద్దున్నే స్టాపులో తెలియాలి. కచేరీలు, నాటకాలు ఎన్నింటికి ముగుస్తాయో హాలువాళ్ల దగ్గర ఎటూ ఉంటుంది. ఆ కాగితం ఒకటి డిపోకు చేరితే చివరి బస్సును పావుగంట అటూ ఇటూ జరపడం పెద్ద పని కాదు.

వచ్చే నెల కచేరీల వివరాలు పేపర్లో వచ్చాయి. అమ్మ చదివి, మడిచి, టీవీ పక్కన పెట్టింది. వెళ్దామా అని అడిగితే ‘చూద్దాంలే’ అంది. రాత్రి తొమ్మిదింబావుకు చంద్రగిరికి ఒక బస్సు తప్పకుండా కదులుతుందని తెలిస్తే, ఆ నీలం చీర మళ్లీ తీయమంటాను.