ఎసిటోన్ పోస్తే ఫైబర్ ఊడొస్తుందా?

వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది. చెక్క పడవ డెక్కు మీద ఎసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రావకం) కుమ్మరించి, పది నిమిషాలాగి, ఫైబర్ పొరని, అంటే ఎపాక్సీలాంటి రెసిన్ జిగురుతో చెక్కకి అంటించిన గాజు నార బట్టని, అరటి తొక్కలా ఒలిచేస్తాడొకాయన. "ఎపాక్సీ కరిగిపోతుంది. మొండికేస్తే మంట చూపించండి, మిగిలింది గ్రైండర్‌తో లేపండి, సాయంత్రానికి కొత్త పొర వేసుకోండి" అని కింద రాత. బోట్లున్న మిత్రులు నలుగురు నాకే పంపి "నిజమేనా?" అన్నారు.

ఎసిటోన్ సంగతి. గట్టిపడని రెసిన్ చేతికో బ్రష్‌కో అంటితే తుడవడానికి అది బాగానే పనికొస్తుంది. హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిసి గట్టిపడ్డాక ఎపాక్సీ కరగదు. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిసొన అవుతుందా? మరి వీడియోలో ఊడొచ్చిందేంటంటారా? అది ఎపాక్సీ కాక పాలియెస్టర్ అనే వేరే రకం రెసిన్ అయ్యుండాలి, చెక్కకి దాని పట్టు తక్కువ. గీకినప్పుడు ముక్కుకి ఘాటుగా స్టైరీన్ (పాలియెస్టర్ రెసిన్‌లోని రసాయనం) వాసన కొడితే అదే. లేదా అడుగున చెక్క చీకిపోయి ఉండాలి. సుత్తి పిడితో డెక్కంతా తట్టి చూడండి, డొల్ల చప్పుడు వచ్చిన చోట పొర తేలిగ్గా లేస్తుంది. దానికి సంబరపడక్కర్లేదు, అక్కడ పలకే మార్చాల్సి రావచ్చు.

మంట మాట అసలొద్దు. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక్క రాత్రి 30కి పైగా బోట్లు కాలిపోయాయి. పక్కపక్కనే కట్టిన పడవల మధ్య నిప్పు ఎంత వేగంగా పాకుతుందో చూశాం. గడ్డకట్టే చలిలో కూడా ఎసిటోన్ ఆవిరి అంటుకుంటుంది. దాన్ని పోసిన డెక్కు మీదే మంట పెట్టమనడం ఏం తెలివో!

వేడి మాత్రం కావాలి, అంతవరకు ఆయన మాట నిజం. మామూలు వాతావరణంలో గట్టిపడిన ఎపాక్సీ చాలావరకు 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. చెక్క మాడాలంటే 200 దాటాలి. ఆ మధ్యలోనే మన పని. ముందు పొరని నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా కత్తితో గాటు పెట్టుకోవాలి. అంచు దగ్గర హీట్ గన్ ఒకచోట నిలపకుండా ఆడిస్తూ, మూలలు గుండ్రంగా అరగదీసిన గీకుడు రేకు కిందికి దూర్చాలి. అంచు లేచాక పట్టకారుతో పట్టుకుని, వేడి ముందు నడుస్తుంటే వెనకే లాగాలి. చిట్‌చిట్‌మంటూ వస్తుంది. నేను మొన్న రోజంతా కూర్చుంటే ఒక చాపంత మేర తేలింది. ఒక్క పూట పనట!

గ్రైండర్ విషయంలో అందరూ మరిచేది, ఫైబర్‌లోని గాజు చెక్క కన్నా గట్టిది. బిళ్ల గాజు మీద జారి జారి, చెక్క తగలగానే గుంట తవ్వేస్తుంది. ప్లైవుడ్ డెక్కయితే పై పొర మిల్లీమీటరో రెండో, అది పోయినట్టే. ఇక ఆ దుమ్ము! తువ్వాలు కట్టుకుంటే ఆగదు, కనీసం ఎన్95 మాస్కు, నిండు చేతుల చొక్కా ఉండాలి. లేదంటే రాత్రంతా గోక్కోవడమే.

చెక్క రంధ్రాల్లో ఇంకిన రెసిన్ మరకని కూడా తీయాలా? మళ్లీ ఎపాక్సీయే వేసేట్టయితే అక్కర్లేదు, గరుకు కాగితం పట్టిస్తే చాలు.

సాయంత్రానికే కొత్త పొరా? ముందు మంచినీళ్లతో కడగండి, ఉప్పుంటే చెక్క చెమ్మని పీలుస్తూనే ఉంటుంది. తేమ 12 శాతం లోపుకి దిగాలి. మీటరు లేకపోతే జానెడు ప్లాస్టిక్ కవరు నాలుగంచులా టేపుతో అంటించి ఎండలో వదిలేయండి. లోపలివైపు నీటి చుక్కలు కడుతుంటే ఇంకా ఆరనివ్వాలి.