ముళ్ల మొక్క ఇంట్లో ఉండకూడదట!

మా మేనత్త ఇప్పుడే వెళ్లింది. ఊరికే వెళ్తే ఆవిడెందుకవుతుంది? నా మూన్ కాక్టస్, అదే ఆకుపచ్చ కాండం మీద ఎర్ర బంతి కూర్చున్నట్టుండే ముళ్ల మొక్క, దాని కుండీలో చెంబెడు నీళ్లు గుమ్మరించి మరీ వెళ్లింది. "ఎండిపోతోందే పాపం, నీళ్లయినా పొయ్యరా మీరు?" అట. బయట ముసురు పట్టింది, కుండీలో మట్టి ఇంకా ఆరనే లేదు. ఇప్పుడు కింద పళ్లెం నిండా నీళ్లు.

కిందటి వానాకాలం పసుపు రంగుది ఇలాగే పోయింది. ఆకుపచ్చ కాండం మొదలు దగ్గర గోధుమ రంగు మచ్చ వచ్చింది, వేలు పెడితే లోపలికి దిగిపోయింది. పైన బంతి మాత్రం ఏమీ ఎరగనట్టు నిగనిగలాడుతూనే ఉంది.

అసలు ఆ ఎర్ర బంతికి పత్రహరితమే లేదు, సొంతంగా తిండి చేసుకోలేదు. 1941లో జపాన్‌లో వతనబే అనే ఆయన మొలకల్లో ఇలాంటి ఎర్రవి కనబడితే, వేరే కాక్టస్ మీద అంటు కట్టి బతికించారు. ఇప్పటికీ అంతే. కింద కాండం వండి పెట్టాలి, పైనున్నది తిని కూర్చోవాలి. మా చుట్టాల్లో చాలామందికి ఈ ఏర్పాటు బాగా తెలుసు.

నర్సరీవాళ్లు ఇంకో రకం. "ఎండ అక్కర్లేదు మేడమ్, టీవీ పక్కన పెట్టుకోండి" అని అంటగడతారు. కాండానికి వెలుతురు లేకపోతే రెండూ పోతాయి. మిట్టమధ్యాహ్నం ఎండ తగిలితే బంతి మాడుతుంది. పొద్దుటి ఎండ వచ్చే కిటికీ కావాలి.

కిటికీ! ఆ మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. గృహప్రవేశానికి ముందు నైరుతి కిటికీ మూయించింది ఎవరు? ఈవిడే. వాస్తు! గాలీ వెలుతురూ పోయాయి, పట్టపగలు హాల్లో లైటు వేసుకుంటున్నాం, కరెంటు బిల్లు నేను కడుతున్నాను. మిగిలిన ఒక్క తూర్పు కిటికీలో మొక్క పెట్టుకుంటే, "ఇంట్లో ముళ్లుంటే గొడవలొస్తాయి" అని ఇవాళ కొత్త పాట. మరి పూజకు తెచ్చే గులాబీలకు ముళ్లు లేవా? మారేడు చెట్టుకు లేవా? గొడవలు ముళ్ల వల్ల రావట్లేదత్తా, ఎవరి వల్ల వస్తున్నాయో ఇంటిల్లిపాదికీ తెలుసు.

పైగా వెళ్తూ ఫ్రిజ్‌లో ఉన్న డ్రాగన్ ఫ్రూట్స్ అన్నీ కవర్లో వేసుకుంది. నా మూన్ కాక్టస్‌కు కింద ఉన్న కాండం ఆ జాతిదే. అవి మల్లె తీగకు కాస్తాయనుకుందేమో!