తన పాటకు తానే వంత పాడుకునే అమ్మాయి

"ఆ అమ్మాయి వాయించేదేముందమ్మా, సగం మెషీనే వాయించేస్తుంది కదా" అన్నారు మొన్న ఒక పెద్దాయన. ఆయన సంగీతం బాగా తెలిసినవారు. నాకు ఆయనంటే గౌరవం. నలుగురిలో ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ మాట మింగుడు పడలేదు. అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఆ అమ్మాయి మా అన్నయ్య కూతురు. విజయనగరంలోనే పుట్టి పెరిగింది. పదకొండేళ్ళు గురువుగారి దగ్గర కూర్చుని కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంది. ఇప్పుడు లూప్ పెడల్ పెట్టుకుని (వాయించిన ముక్కని పట్టుకుని మళ్ళీ మళ్ళీ వినిపించే, కాలితో నొక్కే మెషీను) ఒక్కతే నిలబడి కొత్త సినిమా పాటలు వాయిస్తుంది. రిసెప్షన్లకి, కాలేజీ డేలకి వెళ్తుంది, వీడియోలు పెడుతుంది. అదే ఆమె ఉద్యోగం. మా బంధువుల్లో చాలామంది ఇప్పటికీ "అది సరేగానీ, ఉద్యోగం ఎప్పుడు చూసుకుంటావు?" అని అడుగుతూనే ఉన్నారు.

ముందు ఆ మెషీను సంగతి చెప్తాను. స్విచ్ వేసినప్పుడు అందులో ఏమీ ఉండదు. ఖాళీ పలక. చాలామంది రిసెప్షన్లలో ట్రాక్ వేసుకుని దాని మీద వాయిస్తారు, అది వేరే పద్ధతి. వాళ్ళని తప్పు పట్టడం లేదు. ఈమె ట్రాక్ వాడదు. వినిపించే ప్రతి చప్పుడూ మీ కళ్ళ ముందు ఆమె చేతుల్లోంచే రావాలి. మొదట కమాను పక్కన పెట్టి, మంద్రం తీగని వేలితో మీటుతుంది. ఆక్టేవ్ పెడల్ ఆ స్వరాన్ని ఒక స్థాయి కిందకి దింపితే అది బేస్ గిటార్‌లా మోగుతుంది. కాలితో నొక్కుతుంది, ఆ ముక్క తిరగడం మొదలవుతుంది. తర్వాత కమాను మొదలుని తీగల మీద కొట్టి లాగుతుంది. 'చక్, చక్' అని తాళం పడుతుంది. దాన్ని చాప్ అంటారు. దాని మీద రెండు తీగలు కలిపి పొడుగు కమానుతో ఒక పొర. ఇంకొక పొర. ఇంత అయ్యాకే పల్లవి ఎత్తుకుంటుంది.

ఇందులో ప్రాణమంతా కాలు నొక్కే క్షణంలో ఉంది. సంగీతం తెలిసినవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. లూప్ అంటే ఆవర్తనం, తాళం ఒక చుట్టు. కాలు పడాల్సింది సమం మీద, అంటే ఆ చుట్టు మొదటి దెబ్బ మీద. మొదలుపెట్టేటప్పుడూ సమమే, మూసేటప్పుడూ సమమే. వెంట్రుకవాసి ఆలస్యమైతే ఆవర్తనం కుంటుతుంది. ఆ కుంటు పాట అయ్యేదాకా ప్రతి ఆవర్తనానికీ తిరిగొస్తూనే ఉంటుంది. కచేరీలో ఎక్కడో ఒక స్వరం జారితే అది గాలిలో కలిసిపోతుంది, తర్వాతి సంగతిలో సర్దుకోవచ్చు. ఇక్కడ చేసిన తప్పు ఎదురుగా కూర్చుని మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. పదకొండేళ్ళు తొడ మీద తాళం వేసిన అమ్మాయి కాబట్టే చేయగలుగుతోంది. మెషీను లెక్క పెట్టదు. లెక్క ఆమెది.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో జముకుల కథ విన్నవాళ్ళకి ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. కథకుడు ఒక మాట అందుకుంటే పక్కనున్నవాళ్ళు వంత పాడతారు, జముకు మోగుతూ ఉంటుంది. ఆ వంత ఆగితే కథ చప్పబడిపోతుంది. ఈ అమ్మాయికి పక్కన ఎవరూ లేరు. తన వంత తానే పాడి, దాన్ని కాలి కింద తిరగనిచ్చి, దాని మీద కథ చెప్తోంది.

ఇక ఎవరికీ కనపడని కష్టం ఒకటుంది. మన పద్ధతిలో వయొలిన్ కింద కూర్చుని వాయిస్తారు. వాద్యం ఒక కొస ఎడమ భుజానికీ ఛాతీకీ ఆని ఉంటుంది, రెండో కొసన ఉండే వాద్యం తలకాయ కుడికాలి మడమ దగ్గర ఆనుతుంది. అలా రెండు చోట్ల ఆనుకుని ఉండబట్టే ఎడమ చెయ్యి బరువు మొయ్యకుండా తీగ మీద పైకీ కిందకీ హాయిగా జారుతుంది. మన గమకాలకి, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడానికి, ఆ జారుడే ఆధారం. ఇప్పుడు చెప్పండి, వయొలిన్‌ని మోస్తున్న ఆ కుడికాలితో పెడల్ ఎలా నొక్కుతారు?

అందుకని నిలబడాల్సి వచ్చింది. పాశ్చాత్యుల్లాగా గడ్డం కింద నొక్కిపట్టాలి. ఆ పట్టు మారిన రోజున పదకొండేళ్ళ సాధన సగం చేజారింది. జారు వాయించబోతే వాద్యమే జారిపోయేది. కమాను కోణం మారింది, మోచేయి ఎత్తు మారింది. మెడ మీద ఎర్రగా కమిలి, దాని మీద పసుపు రాసుకుని మళ్ళీ నిలబడేది. మొదటి ఆరు నెలలు రోజూ గోడకి వీపు ఆనించి సరళీ స్వరాలు వాయించింది. అవును, సరళీ స్వరాలు. వర్ణాలు, కృతులు వచ్చిన పిల్ల మళ్ళీ మాయామాళవగౌళ దగ్గర మొదలుపెట్టింది. "అత్తా, నాకు ఏడుపొస్తోంది, కానీ ఇవాళ మధ్యమం దగ్గర వయొలిన్ కదల్లేదు" అని ఒక రాత్రి ఫోన్ చేసింది. ఇప్పుడు రెండు వయొలిన్లు మోసుకెళ్తుంది. ఒకదాని తీగలు మన స-ప-స-ప శ్రుతిలో, రెండోదానివి పాశ్చాత్యుల జీ-డీ-ఏ-ఈ స్వరాల పద్ధతిలో. ఏ పాట ఏ వాద్యం మీద నప్పుతుందో ఆలోచించి ఎంచుకుంటుంది.

ఇది సంప్రదాయానికి అపచారం అనేవాళ్ళకి మన ఊరి సంగతే గుర్తు చేస్తాను. ఈ వాద్యం మనది కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకుని దీన్ని మన సంగీతంలోకి తెచ్చారు. ఆ తర్వాత కూడా చాలాకాలం ఇది గాత్రం వెనక పక్కవాద్యమే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులైతే, ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ అధ్యాపకులయ్యారు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు దాటాయంతే. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. పక్కన కూర్చునే వయొలిన్‌ని వేదిక నడిమధ్యకి తెచ్చి సోలో కచేరీలు చేసింది ఆయనే. ఘంటసాల గారు, సుశీల గారు చదువుకున్నదీ ఆ కళాశాలలోనే. వాళ్ళు సినిమాల్లోకి వెళ్తే మనం గర్వపడ్డాం. మరి ఆ ఊరి పిల్ల వయొలిన్ మీద సినిమా పాట వాయిస్తే ఎందుకు చిన్నచూపు?

లూప్ కూడా నిన్న పుట్టిన గిమ్మిక్కు కాదు. రెండు టేపు రికార్డర్ల మధ్య ఒకే టేపు తిప్పి ఇంగ్లండు సంగీతకారులు రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో 1973లోనే ఆల్బం తెచ్చారు. వయొలిన్‌తో లూప్ చేస్తూ ఓవెన్ పాలెట్, ఆండ్రూ బర్డ్, కిషి బాషి లాంటివాళ్ళు పాశ్చాత్య దేశాల్లో పేరు తెచ్చుకున్నారు. అయితే ఒక తేడా ఉంది. వాళ్ళు వాయించేవి ఎక్కువగా సొంత పాటలు. ఈ మాట మీదకి మళ్ళీ వస్తాను.

డబ్బుల సంగతి. "వీడియోకి అన్ని లక్షల వ్యూస్ కదా, బాగానే వస్తాయి" అనుకుంటారు. కవర్ వీడియోలో, అంటే వేరేవాళ్ళ పాటని తన పద్ధతిలో వాయించిన వీడియోలో, పాట ఆమెది కాదు. వీడియోలో ఎవరి పాట ఉందో పట్టుకునే కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు యూట్యూబ్‌లో 2007 నుంచి ఉంది. పాట హక్కులున్న కంపెనీ క్లెయిమ్ పెడితే చాలాసార్లు ప్రకటనల డబ్బు వాళ్ళకే పోతుంది. మన కాపీరైట్ చట్టంలో కవర్ వెర్షన్ల కోసం 31సి అనే సెక్షన్ ఉంది, కానీ అది వర్తించేది పాట మొదటిసారి రికార్డయిన ఏడాది ముగిశాక ఇంకో ఐదేళ్ళు గడిస్తేనే, అదీ రాయల్టీ ముందు కట్టి. జనం అడిగేదేమో పోయిన వారం వచ్చిన పాట. అంటే ఆమె పేరు తెచ్చేది ఏ పాటో, ఆ పాటే ఆమెకి పైసా ఇవ్వదు. హక్కుదారులకి డబ్బు పోవడం తప్పని నేననను. ఆ పాట ఎవరో కష్టపడి కట్టిందే. వీడియో ఆమెకి విజిటింగ్ కార్డు, ఇల్లు గడిచేది పెళ్ళిళ్ళ మీద, ఆన్‌లైన్ పాఠాల మీద. ఇది తెలుసుకుని మాట్లాడమంటున్నాను, అంతే.

ఆ పెళ్ళిళ్ళలో ఏం జరుగుతుందో ఒకటి చెప్తాను. గత ఏడాది జిల్లాలోనే ఒక రిసెప్షన్. నేనూ తోడు వెళ్ళాను. నాలుగింటికి సౌండ్ చెక్ అన్నారు. సౌండ్ అబ్బాయి ఏడింటికి వచ్చాడు. మూడో పాటలో నాలుగు పొరలూ పడ్డాయి, పల్లవి ఎత్తుకుంది, కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేసరికి పెడల్ ఖాళీ అయిపోయింది. సేవ్ చేయని లూప్ అంతే, పోయిందంటే పోయినట్టే. మైకు లేదు, ఏమీ లేదు. ఆమె ఆగలేదు. చీకట్లో, ఒట్టి వయొలిన్ మీద ఆ పల్లవినే నెమ్మదిగా, పూర్తి గమకాలతో వాయించింది. భోజనాల దగ్గర గిన్నెల చప్పుడు కూడా కాసేపు ఆగింది. నా జన్మలో అంత మంచి వాయిద్యం నేను కొన్నిసార్లే విన్నాను. లైట్లు వచ్చాక వంగి, మొదటి పొర నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

చివర్లో ఆ ఈవెంట్ చూసుకున్నాయన ఏమన్నాడో తెలుసా? "ఏటమ్మా, మధ్యలో ఆగిపోనాది కదా, కొంచెం తగ్గించుకో." సగం డబ్బు చేతిలో పెట్టాడు. మిగతాది నేటికీ రాలేదు. కేటరింగ్ వాళ్ళ దగ్గర, పూల డెకరేషన్ వాళ్ళ దగ్గర కరెంటు పోయిందని ఎవరైనా కోత పెడతారా? అక్కడ నోరు విప్పలేని నా చేతకానితనం మీద కూడా నాకు కోపమే.

ఆమె చేసేదంతా గొప్పదేనని నేను అనడం లేదు. ఆమెకి ఎదురుగానే చెప్పాను కాబట్టి ఇక్కడా చెప్తాను. కొన్ని పాటలకి ఈ పొరలు నప్పవు. మన సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు గారి పాటల్లాంటివి తీసుకుని, కింద నాలుగు కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) తిప్పితే రాగం ఊపిరాడక గిలగిల్లాడుతుంది. అలాంటి చోట షడ్జ పంచమాలు, అంటే స, ప, రెండే తిరగనిచ్చి, మిగతాది చేతికి వదిలెయ్యాలి. ఆమె మొదట ఒప్పుకోలేదు. వారం తర్వాత అలా వాయించి పంపింది. విని నేను జవాబు రాయలేకపోయాను.

ఇంకొకటి. కవర్లు ఎంత బాగా వాయించినా జనానికి గుర్తుండేది పాటే, వాయించిన మనిషి కాదు. సొంతది ఏదో ఒకటి మొదలుపెట్టాలి. అందుకే ఓవెన్ పాలెట్ వాళ్ళ ప్రస్తావన తెచ్చాను. మన దగ్గర సరుకు లేక కాదు. తప్పెటగుళ్ళ దరువు వయొలిన్ పొట్ట మీద వేళ్ళతో పలుకుతుంది, నేను విన్నాను. మా మేడ మీద ఒక సాయంత్రం ఊరికే సరదాగా వేసింది. కింద ఆ దరువు, పైన ఖరహరప్రియలో నాలుగు ముక్కలు. రికార్డు చెయ్యవే అంటే "ఇది ఎవరు వింటారత్తా" అంది. మనం వింటామని ఆమెకి నమ్మకం లేదు. ఆ నమ్మకం కలిగించాల్సింది ఆమె కాదు, ఈ ఊరు. కళాక్షేత్రంలో ఒక సాయంత్రం ఇలాంటి పిల్లలకి టికెట్ పెట్టి కచేరీ ఏర్పాటు చేస్తే నేను మొదటి టికెట్ కొంటాను. రెండొందలైనా సరే, ఐదొందలైనా సరే.

మాఘమాసం ముహూర్తాలకి ఇప్పటికే ఫోన్లు వస్తున్నాయి. ఈసారి సొంతంగా ఒక చిన్న యూపీఎస్ కొనుక్కుంది. డబ్బు మొత్తం వేదిక ఎక్కకముందే ఇవ్వాలని, సౌండ్ చెక్‌కి గంట టైమ్ కావాలని వాట్సాప్‌లో రాయించుకుంటోంది. మీలో ఎవరింట్లోనైనా పెళ్ళి ఉండి ఆమెని పిలిస్తే ఆ మెసేజ్ మీకూ వస్తుంది. పొగరు అనుకోకండి. ఒప్పుకుని, కాస్త వేదిక దగ్గరగా కూర్చోండి. మొదటి పొర పడేటప్పుడు ఆమె కుడికాలు చూడండి.