సవరణ: పొలుసు పురుగుకు ఒక్క స్ప్రే చాలదు

ఆర్కిడ్లకు పొలుసు పురుగు (స్కేల్, కాడకూ ఆకుకూ అతుక్కుని రసం పీల్చే చిన్న పురుగు) పడితే వేపనూనె ఒక్కసారి కొడితే చాలని ఇంతకుముందు రాశాను. అది తప్పు, సరిచేసుకోండి. పెద్ద పురుగును దాని డిప్ప కాపాడుతుంది, కింద నుంచి పిల్లలు వస్తూనే ఉంటాయి. నా డెండ్రోబియం (ఒక రకం ఆర్కిడ్) కాడను చుట్టిన ఎండు పొర కింద ఆవగింజంత గోధుమరంగు బొడిపెలు మళ్లీ కనిపించాయి. గోటితో గీకితే ఊడొచ్చాయి, వేలికి జిగురంటింది.

ముందు ఆ పొర ఒలిచేయండి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటీ తుడవండి. తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సోప్ కలిపి, ఆకుల అడుగు కూడా తడిసేలా సాయంత్రం కొట్టండి. వారం పది రోజులకోసారి, కనీసం మూడు నాలుగు సార్లు. ఎండలో మాత్రం వద్దు, ఆకులు మాడతాయి. నా మాట విని ఒక్క స్ప్రేతో ఊరుకున్నవాళ్లు ఈరోజే ఆకులు తిప్పి చూడండి.