రవాణా ఖర్చు గారికి, చీమకుర్తి నుంచి

మహారాజశ్రీ రవాణా ఖర్చు గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మా వంటగట్టుకి గెలాక్సీ రాయి కొన్నాను. నల్లరాతి మీద బంగారు రవ్వ చల్లినట్టుంటుందే, అది. మా ఊరి క్వారీలదే. మిద్దె మీద బట్టలారేస్తే ఆ దుమ్మే పడుతుంది. బిల్లులో మొదట రాయి, తర్వాత పాలిష్, మూడో లైన్లో తమరు. హైదరాబాద్ నుంచి!

"ఏందబ్బాయ్, రాయి ఈడిదేగా?" అని బిల్లిచ్చిన కుర్రాణ్ణి అడిగాను.

"రాయి ఈడిదే అన్నా. రేటు హైదరాబాద్‌ది. దానికి కిరాయి కలపమంది కంపెనీ."

రాయి తెచ్చిన ట్రాక్టరు మా వీధి చివర నుంచే వచ్చింది. రాయి వెనక రంపం నీళ్లింకా ఆరలేదు. మరి తమరు ఎందులో వచ్చినట్టు? టిఫిన్ యాడ చేశారు?

తమది పెద్ద వంశమేనట. అమెరికాలో ‘పిట్స్‌బర్గ్ ప్లస్’ అనేవాళ్లు. షికాగో పక్కన గ్యారీలో తయారైన ఉక్కు షికాగోవాడు కొన్నా, పిట్స్‌బర్గ్ నుంచి రైలు కిరాయి కట్టాల్సిందే. రైలు రాదు, కిరాయి వస్తుంది. మానుకోమని 1924లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ యూఎస్ స్టీల్‌కి ఉత్తర్వు ఇచ్చింది. మన దేశంలో తమరు రవాణా ఛార్జీల సమానీకరణ వేషం కట్టారు. దేశమంతా ఉక్కు ఒకే ధర అన్నారు; గనుల పక్కనే ఉన్న అప్పటి బీహార్‌కి పక్కనున్నందుకు దక్కాల్సిన లాభం లేకుండా పోయింది. 1990ల మొదట్లో దాన్ని ఎత్తేస్తే తమరు కాలం చేశారనే అనుకున్నాను, క్షమించాలి.

అసలు మంట వేరే. హైదరాబాద్‌లో మా బావమరిదీ ఇదే రాయి కొన్నాడు. 300 కిలోమీటర్ల పైచిలుకు లారీలో పోయిన రాయి. వాడి బిల్లులో తమరి పేరే లేదు! అడిగితే నవ్వాడు. అక్కడ రాజస్థాన్ రాయి, కర్ణాటక రాయి, టైల్సు అన్నీ పక్కపక్క కొట్లలోనే. రూపాయి ఎక్కువ చెబితే వాడు రోడ్డు దాటతాడని కిరాయి కంపెనీయే మింగింది. నేను ఏ రోడ్డు దాటను? ఇక్కడి ఫ్యాక్టరీలు కంటైనర్ల లెక్కన అమ్ముతాయి, నా ఇరవై అడుగులకి గేటు కూడా తీయరు. ఆ సంగతి కంపెనీకి నాకన్నా బాగా తెలుసు.

వచ్చే నెల మెట్లకి రాయి తీసుకోవాలి. ఎటూ హైదరాబాద్ నుంచే బయల్దేరతారు కదా, బావమరిది ఇంట్లో మా ఆవిడ మిక్సీ జార్ మర్చిపోయి వచ్చింది. అది తీసుకురండి. కిరాయి కట్టే ఉన్నాను.

ఇట్లు,
క్వారీ పక్కింటివాడు